మా తమ్ముడు స్టెరాయిడ్లు ఎందుకు వాడుతున్నాడు? ఒక మానసిక వైద్యుడి సమాధానం

అమ్మా, మీ ప్రశ్నను రెండుసార్లు చదివాను. మీ తమ్ముడికి 24 ఏళ్లని, ఇంజినీరింగ్ పూర్తిచేసి హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటున్నాడని, సిగరెట్టు గానీ మద్యం గానీ ముట్టని పిల్లవాడని, సంక్రాంతికి ఇంటికి వచ్చినప్పుడు అతని సంచిలో సిరంజిలు, నూనెలాంటి మందున్న చిన్న సీసాలు కనబడ్డాయని, మీ నాన్నగారు నిలదీస్తే ఎన్నడూ లేనిది ఆయన మీదికి చేయెత్తబోయాడని రాశారు. ఏ లోటూ లేని ఇంట్లో పెరిగినవాడు ఈ పని ఎందుకు చేశాడు, ఇది పొగరు కాక మరేమిటి అని అడిగారు. ఇరవై ఏళ్లకు పైగా మానసిక వైద్యుడిగా పనిచేస్తున్నాను. గత పదేళ్లుగా ఇటువంటి యువకులను తరచుగా చూస్తున్నాను. నా దగ్గరకు వచ్చినవారిలో పొగరుతో మొదలుపెట్టినవారు చాలా తక్కువ. సిగ్గుతో మొదలుపెట్టినవారే ఎక్కువ. మీ ఇంట్లో జరగవలసిన సంభాషణ అంతా ఈ ఒక్క తేడా మీద ఆధారపడి ఉంటుంది కనుక దీనిని కొంత వివరంగా చెబుతాను.

ముందుగా ఒక అయోమయాన్ని తొలగించాలి. స్టెరాయిడ్ అనే ఒక్క పేరు కింద రెండు వేర్వేరు రకాల మందులు ఉన్నాయి. ఉబ్బసానికి, కీళ్లవాతానికి, తీవ్రమైన అలెర్జీకి వైద్యులు రాసే ప్రెడ్నిసొలోన్, డెక్సామెథసోన్ వంటివి ఒక రకం. వాటికి కండ పెంచే గుణం లేదు. ఎక్కువకాలం వాడితే ఉన్న కండను కూడా బలహీనపరుస్తాయి. మీ తమ్ముడి సంచిలో ఉన్నవి బహుశా రెండో రకానికి చెందిన అనబాలిక్ స్టెరాయిడ్లు, అంటే టెస్టోస్టెరాన్ అనే పురుష హార్మోను గానీ, దాని నిర్మాణాన్ని కొద్దిగా మార్చి తయారుచేసిన నాండ్రోలోన్, స్టానోజొలోల్ వంటివి గానీ. ఇది చదివేవారిలో ఎవరికైనా వైద్యులు మొదటి రకం మందు రాసి ఉంటే నా మాటలకు భయపడి దానిని ఉన్నట్టుండి మానవద్దు. అలా మానడం ప్రాణాంతకం కావచ్చు. అయితే ఆ మొదటి రకం కూడా మన ఊళ్లలో దుర్వినియోగం కావడం లేదని అనలేను. పెళ్లిచూపులకు ముందు అమ్మాయి కాస్త ఒళ్లు చేయాలని డెక్సామెథసోన్ మాత్రలు తెచ్చిపెట్టే తల్లిదండ్రులను చూశాను; ముఖం తెల్లబడాలని స్టెరాయిడ్ కలిసిన క్రీములు నెలల తరబడి రాసుకుని, చర్మం పలచబడి ఎర్రగా కందిపోయాక ఏడుస్తూ వచ్చిన పిల్లలను చూశాను. అటువంటి పైపూతలు చాలావాటిని కేంద్ర ప్రభుత్వం 2018లో వైద్యుడి చీటీ ఉంటేనే అమ్మవలసిన మందుల జాబితాలో చేర్చింది. ఆ అమ్మాయికీ మీ తమ్ముడికీ మందు వేరు, వయసు వేరు. అద్దం ముందు నిలబడినప్పుడు ఇద్దరికీ కలిగే బాధ మాత్రం ఒకటే.

క్రీడల్లో పతకాల కోసమే ఈ మందులు వాడతారని చాలామంది అనుకుంటారు. ప్రపంచవ్యాప్తంగా వాడేవారిలో అత్యధికులు ఏ పోటీకీ వెళ్లని మామూలు మనుషులు. అనేక దేశాల అధ్యయనాలను కలిపి లెక్కగట్టి నార్వే పరిశోధకులు 2014లో ప్రచురించిన విశ్లేషణ ప్రకారం, జీవితంలో ఒక్కసారైనా అనబాలిక్ స్టెరాయిడ్లు వాడినవారు మొత్తం మీద 3.3 శాతం, పురుషుల్లో 6.4 శాతం. పతకం, బహుమతి, ప్రేక్షకులు ఏవీ లేనిచోట ఒక మనిషి ప్రతి వారం తన పిరుదులోకి తానే సూది దించుకుంటున్నాడంటే అతను ఎవరిని గెలవాలనుకుంటున్నాడో ఆలోచించాలి. ఆ ప్రత్యర్థి సాధారణంగా అతని గతంలో ఉంటాడు.

ఈ మందు చుట్టూ ఆశ ఎంత గాఢంగా అల్లుకుని ఉంటుందో చెప్పడానికి ఒక పాత సంగతి గుర్తుచేస్తాను. 1889లో షార్ల్ బ్రౌన్-సెకార్ అనే ప్రసిద్ధ శాస్త్రవేత్త, తన 72వ ఏట, కుక్కల, గినీ పందుల వృషణాల నుంచి తీసిన ద్రవాన్ని తన శరీరంలోకి ఎక్కించుకుని, పోయిన బలమంతా తిరిగి వచ్చిందని పారిస్‌లోని శాస్త్రవేత్తల సభలో ప్రకటించాడు. అతను తయారుచేసిన పద్ధతిలో ఆ ద్రవంలోకి హార్మోను దాదాపు రాదని తరువాతి కాలంలో తేలింది; అతనికి కలిగిన బలం నమ్మకం వల్ల కలిగింది. అసలు టెస్టోస్టెరాన్‌ను వేరుచేసి, ప్రయోగశాలలో తయారుచేయగలిగింది 1935లో. 1972లో అమెరికాలో కొందరు విద్యార్థి క్రీడాకారులకు స్టెరాయిడ్ ఇస్తున్నామని చెప్పి ఉత్త మాత్రలు ఇస్తే, వారు అంతకుముందు ఎత్తలేని బరువులు ఎత్తారు. మందు పనిచేయదని చెప్పడానికి ఈ ఉదాహరణలు ఇవ్వడం లేదు. అది నిజంగానే పనిచేస్తుంది. 1996లో పకడ్బందీగా జరిగిన ఒక ప్రయోగంలో వారానికి 600 మిల్లీగ్రాముల చొప్పున పది వారాలు తీసుకున్నవారికి వ్యాయామం లేకుండానే కండ పెరిగింది. అందుకే పిల్లలకు 'ఇదంతా మోసం, ఏమీ పెరగదు' అని అబద్ధం చెప్పకూడదు. వాళ్లకు పెరుగుతుందని తెలుసు. కండతో పాటు మనిషికి ధైర్యం వస్తుందన్న నమ్మకమే వాళ్లను పట్టి ఉంచుతుంది, ఆ నమ్మకం మొదటి సూదికి ముందే మొదలవుతుంది.

ఆ సిగ్గు ఎక్కడి నుంచి వస్తుందని నేను అడిగినప్పుడు వినే జవాబులు మన ఇళ్లలో అందరికీ తెలిసినవే. 'ఏరా, ఇలా చిక్కిపోయావు, ఇంట్లో తిండి పెట్టడం లేదా?' అని ప్రతి పెళ్లిలో ఎవరో ఒక పెద్దమ్మ అడుగుతుంది. 'బక్కోడా', 'పుల్ల', 'గాలి వస్తే ఎగిరిపోతాడు' అని బాబాయి నవ్వుతాడు. ఇవి ప్రేమతోనే అన్న మాటలు, కాదనను. కానీ పదమూడేళ్ల పిల్లవాడు వాటిని ప్రేమగా వినడు. తన గురించి పదిమంది ఒప్పుకున్న సత్యంగా వింటాడు. తరువాత మన రాష్ట్రాల్లో చాలామంది పిల్లల జీవితంలో ఇంటర్మీడియట్ రెండేళ్లు వస్తాయి. రెసిడెన్షియల్ కళాశాలలో తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా చదువు, మైదానం లేదు, ఆట లేదు, ఎండ లేదు. శరీరం శరవేగంగా మారే 15, 16 ఏళ్ల వయసులో ఆ శరీరంతో ఏం చేయాలో, దానిని ఎలా ఇష్టపడాలో నేర్చుకోవలసిన కాలమంతా ర్యాంకుల పట్టికలో కరిగిపోతుంది. అక్కడ అతని విలువ మార్కుల్లో ఉండేది. ఇంజినీరింగ్ మొదటి ఏడాదిలోకి అడుగుపెట్టేసరికి కొలబద్ద ఒక్కసారిగా మారిపోతుంది. అమ్మాయిలు, సీనియర్లు, ఫోటోలు, హాస్టల్ గదిలో చొక్కా విప్పి తిరిగే తోటివాళ్లు. మంచి మార్కులతో వచ్చిన పిల్లవాడు హఠాత్తుగా తానేమీ కానివాడినని భావించడం అక్కడే మొదలవుతుందని నాతో చెప్పినవారు ఒకరిద్దరు కాదు.

నేను చూసిన ఒక యువకుడి కథ, గుర్తుపట్టే వీలు లేకుండా వివరాలు మార్చి, చెబుతాను. అతను నా దగ్గరకు స్టెరాయిడ్ల గురించి రాలేదు. పెళ్లయి మూడేళ్లయినా పిల్లలు లేరని సంతాన సాఫల్య వైద్యుల దగ్గరకు వెళ్తే వీర్యకణాల సంఖ్య సున్నా అని తేలింది. అక్కడి వైద్యురాలు ఓపికగా అడిగితే అసలు విషయం బయటపడి, నిద్ర లేకపోవడం, చిరాకు కారణంగా నా దగ్గరకు పంపారు. మూడో సారి వచ్చినప్పుడు చెప్పాడు. హాస్టల్‌లో సీనియర్లు అతని చొక్కా విప్పించి, పక్కటెముకలు ఒక్కొక్కటే లెక్కపెట్టించారట. పన్నెండేళ్లు గడిచాయి. చొక్కా కొలత రెండింతలైంది. ఇప్పటికీ స్నానాల గదిలో అద్దం ముందు నిలబడితే తనకు ఆ ఎముకలే కనబడతాయని, అవి కనబడకుండా ఉండడానికే సూది వేసుకుంటున్నానని చెప్పి, తల దించుకుని చాలాసేపు మాట్లాడలేదు. ఈ సంగతి భార్యకు కూడా చెప్పుకోలేదు. స్టెరాయిడ్ల వల్ల కలిగే నష్టాల జాబితా నేను చదివి వినిపించి ఉంటే అతను మర్యాదగా విని వెళ్లిపోయి ఉండేవాడు. అతనికి ఆ జాబితా నాకంటే బాగా తెలుసు.

ఎంత పెరిగినా చిన్నగానే కనబడడం అనే ఈ స్థితికి వైద్యశాస్త్రంలో పేరుంది. హార్వర్డ్‌కు అనుబంధమైన మెక్లీన్ ఆసుపత్రిలో పనిచేసిన హారిసన్ పోప్, ఆయన సహచరులు 1993లో కొందరు బాడీబిల్డర్లలో ఒక వింతను గమనించారు. ఆహారం మానేసి ఎముకల గూడుగా మారినా లావుగా ఉన్నామని బాధపడే అనొరెక్సియా రోగుల మాదిరిగానే, వీళ్లు భారీ దేహాలతో ఉండి కూడా బక్కగా ఉన్నామని కుమిలిపోయేవారు, వదులు చొక్కాల వెనుక దాక్కునేవారు. 1997లో దీనికి మజిల్ డిస్మార్ఫియా అని పేరు పెట్టారు. 2013లో అమెరికన్ మానసిక వైద్యుల సంఘం తన వర్గీకరణలో దీనిని శరీర రూపం పట్ల కలిగే వ్యాధి స్థాయి ఆందోళనలో ఒక రకంగా చేర్చింది. ఇది అహంకారం కాదు. చేతులు ఎన్నిసార్లు కడిగినా మురికి పోలేదనిపించే జబ్బుకు ఇది దగ్గరి చుట్టం. మీ తమ్ముడు రోజుకు ఎన్నోసార్లు అద్దం చూసుకుంటున్నా, లేదా అద్దాన్ని పూర్తిగా తప్పించుకుంటున్నా, మే నెల ఎండలో కూడా రెండు చొక్కాలు తొడుక్కుంటున్నా, ఇంట్లో శుభకార్యాలకు రాకుండా జిమ్‌కు వెళ్తున్నా, పెళ్లి భోజనం దగ్గర తన డబ్బా తానే తెచ్చుకుంటున్నా, ఒక్కరోజు వ్యాయామం తప్పితే కంగారుపడుతున్నా ఈ కోణంలో ఆలోచించాలి. స్టెరాయిడ్లు వాడే ప్రతివారికీ ఈ జబ్బు ఉండదు. ఉన్నవారికి మాత్రం కండ ఎంత పెరిగినా చాలదు, ఎందుకంటే వాళ్లు సరిచేసుకోవలసింది కండలో లేదు.

పోప్ బృందమే 2000లో ప్రచురించిన మరో అధ్యయనం నాకు చాలా ఇష్టం, దానిని అబ్బాయిలకు తరచుగా చెబుతుంటాను. ఆస్ట్రియా, ఫ్రాన్స్, అమెరికా దేశాల యువకులకు దేహాల బొమ్మలు చూపి, మీరు ఎలా ఉండాలనుకుంటున్నారు, అమ్మాయిలు ఎలాంటి దేహాన్ని ఇష్టపడతారని అనుకుంటున్నారు అని అడిగారు. మూడు దేశాల వాళ్లూ తమకంటే సుమారు 13 కిలోల కండ ఎక్కువ ఉన్న దేహాన్నే ఎంచుకున్నారు. అమ్మాయిలకు అంతకంటే కొద్దిగా ఎక్కువే నచ్చుతుందని ఊహించారు. అమ్మాయిలను అడిగితే వాళ్లు కండలు అదనంగా లేని మామూలు మగవాడి దేహాన్నే చూపించారు. ఎవరూ పెట్టని పరీక్షకు ఇంతమంది చదువుతున్నారన్నమాట. మన సినిమాల్లో 2000 దశకం రెండో సగం నుంచి కథానాయకుల సిక్స్‌ప్యాక్ ప్రచారాంశంగా మారడం, తరువాత ఫోన్ తెరల మీద రోజంతా అటువంటి దేహాలే కనబడడం ఈ ఊహను బలపరిచాయి. అయితే సినిమా మీద తప్పంతా నెట్టడం నాకు ఇష్టం లేదు. అదే సినిమా చూసిన వందమందిలో సూది పట్టుకునేవారు కొందరే, ఆ కొందరిలో ముందే ఒక గాయం ఉండడం నేను ఎక్కువగా చూశాను.

గాయం ఎప్పుడూ ఎగతాళి రూపంలోనే ఉండదు. చిన్నతనంలో తాగివచ్చిన తండ్రి తల్లిని కొడుతుంటే అడ్డుపడలేకపోయిన కొడుకు, ఇక జన్మలో ఎవరి ముందూ చిన్నగా నిలబడకూడదని నిశ్చయించుకుని జిమ్‌కు వెళ్లడం నేను చూశాను. ఆ తండ్రి ఇప్పుడు ముసలివాడై, మంచం మీద ఉన్నాడు. కొడుకు మాత్రం ఇంకా పెరుగుతూనే ఉన్నాడు. బాల్యంలో లైంగిక వేధింపులకు గురైనవారూ ఉంటారు, వారు ఆ మాట నోటికి తేవడానికి ఏళ్లు పడుతుంది. స్త్రీలలో ఈ మందుల వాడకం చాలా తక్కువ అయినా, అమెరికాలో బరువులెత్తే స్త్రీలను అధ్యయనం చేసినప్పుడు, అత్యాచారానికి గురైన తరువాతే వ్యాయామాన్ని, మందులను తీవ్రం చేశామని చెప్పినవారు కనబడ్డారు. తనను ఇక ఎవరూ తాకలేని దేహం కావాలని వారు కోరుకున్నారు. ఇటువంటి వ్యక్తికి 'అందం పిచ్చి' అనే ముద్ర వేయడం ఎంత క్రూరమో ఆలోచించండి.

బతుకుతెరువు భయం మరో దారి. జిమ్ శిక్షకుడికి, బౌన్సర్‌కు, సినిమాల్లో పోరాట దృశ్యాల్లో నిలబడే కుర్రాడికి దేహమే పెట్టుబడి. తన కంటే పెద్ద దేహంతో ఇంకొకడు వస్తే తన దగ్గర నేర్చుకునేవారు అతని దగ్గరకు పోతారన్న బెదురు నిజమైన బెదురే. నలభై దాటినవారిలో వయసు భయం, విడాకుల తరువాత కొత్త జీవితం మీద ఆశ కారణమవుతాయి. వీరి గురించి ఇక్కడ ఎక్కువ చెప్పను, మీ ప్రశ్న అది కాదు.

మొదలుపెట్టడానికి ఒక కారణం ఉంటుంది, కొనసాగించడానికి వేరే కారణం పుట్టుకొస్తుంది. కుటుంబాలు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. మొదటి సైకిల్‌లో, అంటే జిమ్ భాషలో కొన్ని వారాల పాటు వరుసగా మందు తీసుకునే కాలంలో, చాలామందికి ఉత్సాహంగా ఉంటుంది. నడకలో తేడా వస్తుంది, ఆఫీసులో గొంతు పెరుగుతుంది, జీవితంలో మొదటిసారి ఎవరో 'అన్నా' అని పిలుస్తారు. కొందరిలో ఈ ఉత్సాహం హద్దు దాటుతుంది. 2000లో ప్రచురితమైన ఒక పరిశోధనలో ఎవరికి అసలు మందు, ఎవరికి మందు లేని ఉత్త సూది ఇస్తున్నారో తెలియకుండా, వారానికి 600 మిల్లీగ్రాముల దాకా టెస్టోస్టెరాన్ ఇచ్చి చూస్తే, 50 మందిలో 42 మందికి మనసులో పెద్దగా మార్పు రాలేదు, ఆరుగురికి స్వల్పంగా, ఇద్దరికి తీవ్రంగా ఉన్మాదపు ఛాయలు వచ్చాయి. జిమ్‌లో సొంతంగా వాడేవారు చాలాసార్లు అంతకు మించిన మోతాదులు, ఒకేసారి రెండు మూడు రకాలు కలిపి తీసుకుంటారు. కాబట్టి మీ నాన్నగారి మీదికి చేయెత్తబోవడంలో మందు పాత్ర ఉండవచ్చు, ఉండకపోవచ్చు. దాచుకున్న రహస్యం అందరి ముందూ బయటపడిన అవమానానికి కూడా మనిషి అలాగే ఎదురుతిరుగుతాడు. ఏదైనా సరే, ఇంట్లో ఎవరికైనా దెబ్బలు తగిలే పరిస్థితి వస్తే ముందు మీ రక్షణ చూసుకోండి. ప్రేమ పేరుతో దానిని సహించవలసిన అవసరం లేదు.

ఆపిన తరువాత జరిగేదే నన్ను ఎక్కువగా భయపెడుతుంది. బయటి నుంచి హార్మోను వస్తున్నప్పుడు మెదడు, దాని అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి వృషణాలకు ఆదేశాలు పంపడం ఆపేస్తాయి. వృషణాలు కుంచించుకుపోతాయి, వీర్యకణాల తయారీ నిలిచిపోతుంది. సూది ఆపిన రోజున శరీరం సొంత తయారీని వెంటనే మొదలుపెట్టలేదు. కొన్ని వారాలు, కొందరిలో నెలలు, ఎక్కువకాలం వాడినవారిలో ఏడాదికి పైగా, రక్తంలో పురుష హార్మోను చాలా తక్కువగా ఉంటుంది. నీరసం, నిద్ర పట్టకపోవడం, కోరిక చచ్చిపోవడం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, గాఢమైన కుంగుబాటు. దానికి తోడు కష్టపడి పెంచిన కండ కళ్లముందే కరిగిపోతుంది. ఏ అద్దం నుంచి పారిపోవడానికి మొదలుపెట్టాడో ఆ అద్దం ముందుకే, అప్పటికంటే బలహీనమైన మనసుతో తిరిగి వచ్చి నిలబడతాడు. మళ్లీ మొదలుపెట్టకుండా ఉండడానికి ఎంత బలం కావాలో ఊహించండి. వాడేవారిలో సుమారు మూడో వంతు మందికి ఇది వ్యసనంగా మారుతుందని పలు అధ్యయనాలు చెబుతున్నాయి. మద్యంలా మత్తు ఇవ్వదు కనుక ఇది వ్యసనమని ఇంట్లో ఎవరికీ తట్టదు, వాడేవాడికి కూడా తట్టదు.

టెక్సాస్‌లోని ప్లేనోలో ఉన్నత పాఠశాల విద్యార్థి టేలర్ హూటన్ ఉదంతాన్ని నేను ప్రతి తల్లిదండ్రికీ చెబుతాను. అప్పటికే ఆరడుగులు దాటిన బేస్‌బాల్ ఆటగాడు. ఇంకా బలంగా తయారుకావాలని శిక్షకుడు అన్న మాట అతని మనసులో నాటుకుంది. స్టెరాయిడ్లు వాడాడు, కోపతాపాలు పెరిగాయి, తరువాత కుంగుబాటు కమ్మింది. 2003 జూలైలో, 17వ ఏట ప్రాణం తీసుకున్నాడు. అతని తండ్రి డాన్ హూటన్ కొడుకు పేరు మీద సంస్థ స్థాపించి, 2005లో అమెరికా కాంగ్రెస్ విచారణలో సాక్ష్యం చెప్పి, అప్పటి నుంచి ఊరూరా పిల్లలకు చెబుతూ వచ్చాడు. ప్లేనో, దాని చుట్టుపక్కల ఊళ్లలో ఇప్పుడు మన తెలుగు కుటుంబాలు వేల సంఖ్యలో ఉన్నాయి. అక్కడి పాఠశాల జట్లలో మన పిల్లలు ఆడుతున్నారు. 'నువ్వు ఇంకా పెరగాలి' అనే ఒక్క వాక్యం ఎదిగే పిల్లవాడిలో ఎంత లోతుకు దిగుతుందో అక్కడి తల్లిదండ్రులకూ, ఇక్కడి మనకూ తెలిసి ఉండాలి.

ఇక మీరు ఏం చేయాలి. ముందుగా మీ నాన్నగారిని కొన్నాళ్లు ఈ విషయం ఎత్తవద్దని బతిమాలండి. ఆయన కోపంలో భయముంది, అది తండ్రికి సహజం. కానీ మీ తమ్ముడి చెవికి ఆ భయం వినబడదు, చిన్నప్పటి నుంచి విన్న తీర్పే మళ్లీ వినబడుతుంది. మీరు అక్క కనుక మీకు ఒక సౌలభ్యం ఉంది. ఇద్దరే ఉన్నప్పుడు, బైకు మీద వెళ్తున్నప్పుడో మేడ మీద కూర్చున్నప్పుడో, అతని ముఖంలోకి నేరుగా చూడవలసిన అవసరం లేని చోట మాట్లాడండి. 'ఎందుకు వాడుతున్నావు?' అన్నది నేరం మోపే ప్రశ్నలా వినబడుతుంది. 'ఇది మొదలుపెట్టకముందు నీకు ఎలా ఉండేది రా?' అని అడగండి. వెంటనే జవాబు రాకపోవచ్చు. వారం తరువాత వచ్చినా వచ్చినట్టే. అతని దేహం గురించి మంచిగా గానీ చెడుగా గానీ వ్యాఖ్యానించవద్దు. 'నువ్వు ముందే బాగుండేవాడివి' అన్న మాట కూడా అతనికి ఊరట కాదు, ఎందుకంటే ముందు ఉన్న తనను అతను అసహ్యించుకుంటున్నాడు. 'మగాడివేనా', 'పెళ్లి అయ్యాక తెలుస్తుంది' వంటి మాటలు ఇంట్లో ఎవరి నోటా రాకుండా చూడండి.

సీసాలు తీసి చెత్తబుట్టలో వేయవద్దని ప్రత్యేకంగా చెబుతున్నాను. పైన చెప్పిన కుంగుబాటు కారణంగా, ఎవరి పర్యవేక్షణా లేకుండా ఆపడం ప్రమాదం. మానాలి, తప్పకుండా మానాలి; కానీ హార్మోన్ల వైద్యుడు, అంటే ఎండోక్రైనాలజిస్ట్ ఒకవైపు, మానసిక వైద్యుడు ఒకవైపు ఉండగా మానాలి. రక్తంలో హార్మోన్ల స్థాయి, కాలేయం, కొవ్వులు, ఎర్రకణాల సాంద్రత, గుండె పనితీరు పరీక్షిస్తారు. హార్మోన్లు తిరిగి అందుకునే దాకా అవసరమైతే మందులు ఇస్తారు. పైన చెప్పిన మజిల్ డిస్మార్ఫియా, అంటే ఈ అద్దం జబ్బు, ఉన్నట్టు తేలితే దానికి ఆలోచనలను, అలవాట్లను మార్చే మాటల చికిత్స, ఫ్లూఆక్సెటిన్ వంటి మందులు బాగా పనిచేస్తాయి. ఆపిన తరువాత మొదటి కొన్ని నెలలు మాట తగ్గిపోవడం, గదిలోనే ఉండిపోవడం, 'నేను లేకపోతే మీకు హాయి' వంటి మాటలు వినబడితే ఒక్కరోజు కూడా ఆగవద్దు; రాత్రి అయినా సరే మానసిక సహాయం కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి, అందులో తెలుగులో మాట్లాడే సలహాదారులు ఉంటారు.

తిరిగి కోలుకుంటాడా అని మీరు అడగకపోయినా ఆ ప్రశ్న మీ ఉత్తరంలో ఉంది. నెదర్లాండ్స్‌లోని హార్లెమ్ కేంద్రంగా వైద్యులు, సొంతంగా స్టెరాయిడ్లు వాడుతున్న 100 మంది పురుషులను ఆపిన తరువాత కూడా వెంట ఉండి గమనించారు; ఎక్కువమందిలో హార్మోను, వీర్యకణాల తయారీ ఏడాదిలోగా తిరిగి దారిలో పడ్డాయి. అందరిలో కాదు, ఎక్కువమందిలో. నేను చెప్పిన పక్కటెముకల యువకుడికి పద్నాలుగు నెలలు పట్టింది. అతను ఇప్పటికీ జిమ్‌కు వెళ్తాడు, అది మానమని నేను ఎప్పుడూ అనలేదు. వ్యాయామం మంచిది. తాలింఖానాల్లో సాము చేసిన తరాలు మనకు ఉన్నాయి, వాళ్లు తమ దేహాలను ద్వేషించి ఆ పని చేయలేదు.

మీ తమ్ముడు రావడానికి ఒప్పుకున్నప్పుడు సీసాలను, వాటి లేబుళ్లను అలాగే తీసుకురమ్మనండి. స్టెరాయిడ్లతో పాటు మెఫెంటర్మిన్ అనే మందును కూడా మన జిమ్‌లలో అమ్ముతున్నారు. శస్త్రచికిత్స సమయంలో పడిపోయిన రక్తపోటును పెంచడానికి ఉద్దేశించిన ఉత్తేజకం అది, దాని ప్రమాదాలు, దానిని మాన్పించే పద్ధతి వేరు. సూది ఎవరితోనైనా పంచుకున్నాడా అన్నది కూడా వైద్యుడికి నిజం చెప్పమనండి, హెచ్ఐవి, కామెర్ల పరీక్షలు చేయవలసి ఉంటుంది. వైద్యుడు అతని మాటలను రహస్యంగా ఉంచుతాడు, మీకు కూడా చెప్పడు, అది మీరు ముందే అతనికి తెలియజేయండి. మొదటిసారి వచ్చినప్పుడు అతన్ని లోపలికి ఒంటరిగా వెళ్లనిచ్చి మీరు బయట కూర్చోండి.